పార్శ్వకాంతా, వాలు వెలుగా?

సందేహం: పాత నాణేలకు ఫోటోలు తీస్తుంటాను. లైటు పక్కన, బాగా కిందకు దించి పెడితే అరిగిపోయిన అక్షరాలు కూడా తేలతాయి. దీన్ని 'పార్శ్వకాంతి విన్యాసం' అనవచ్చా? నాణేన్ని టంకం అనడం సరైనదేనా? మా దగ్గర టంకం అంటే వైర్లు అతికించేదే.

సమాధానం: రెండోదే ముందు చెప్తాను, మొదటిదానికి జవాబు అందులోనే ఉంది. టంకం అంటే ఉలి, ముద్ర కొట్టిన నాణెమూ టంకమే. నాణేలు కొట్టే చోటు టంకశాల, అది ఇంటిపేరుగా ఇప్పటికీ మన మధ్య ఉంది. బంగ్లాదేశ్ టాకా కూడా ఈ మాటే. శ్రీనాథుడిదిగా చెప్పుకునే సీసపద్యం ఎత్తుగడ చూడండి: 'దీనార టంకాల తీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల'. దీనారం రోమన్ల దెనారియస్ నుంచి వచ్చింది, అక్కడ అది వెండి, గుప్తుల కాలానికి ఇక్కడ బంగారమైంది. అంత దూరం నుంచి వచ్చిన మాటను టంకం పక్కన కూర్చోబెట్టి, రాజుగారి ముత్యాలశాలకే నాణేలతో స్నానం చేయించాడు మహానుభావుడు! ఆ 'టం' దగ్గర నాణెం మోగడం నాకు ప్రతిసారీ వినిపిస్తుంది. ఇక మీ వైర్ల టంకం బహుశా టంకణం, అంటే వెలిగారం, నుంచి వచ్చి ఉంటుంది.

ఉలితో అచ్చు చెక్కి, దాంతో కొట్టిన ముద్ర కాబట్టి నాణెం మీద ఉన్నదంతా ఎత్తుపల్లమే, దాన్ని పట్టిచ్చేది నీడ. శక రాజు నహపాణుడి వెండి నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు, నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో అలాంటివి వేలల్లో దొరికాయి. అడుగునున్న పాత ముద్ర జాడ తెలియాలంటే వెలుగు వాలుగా పడాలి.

అందుకే 'వాలు వెలుగు' అనండి, 'ఏటవాలు వెలుతురు' అన్నా నాకు ఇష్టమే. పార్శ్వకాంతి తప్పని అనను, కానీ పక్కన అనే మాట చేతిలో ఉండగా పార్శ్వం కోసం నిఘంటువు తిరగేయడం, చివర ఒక విన్యాసం తగిలించడం ఈ మధ్య పట్టుకున్న జబ్బు. నిగనిగలాడే కొత్త నాణేలకు గాజుపలకను 45 డిగ్రీల్లో పెట్టి వెలుగును నేరుగా కిందికి దించుతారు కదా, అది 'నిలువు వెలుగు'. ఇవేవీ నచ్చకపోతే ఫోటో కింద 'లైటు ఎడమ పక్క పైనుంచి' అని రాసేయండి, హాయిగా ఉంటుంది. పైనుంచే సుమా, కింది నుంచి పడితే ఉబ్బెత్తుగా ఉన్న రాజు ముఖం గుంటలా కనిపిస్తుంది.