ఫైలు ఎవరు తెరిచారో చూసేవాళ్లున్నారా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో 90 పడకల ప్రైవేటు ఆసుపత్రి. మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌కి నేనే ఇన్‌ఛార్జిని. కొత్త డేటా చట్టం ప్రకారం ఏడాదికోసారి ప్రైవసీ ఆడిట్ తప్పనిసరి అంటూ మా మేనేజరు గారు 64 ప్రశ్నల చెక్‌లిస్టు ఇచ్చారు. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లే వాడుతున్నారా, మానేసినవాళ్ల లాగిన్లు తీసేశారా, ఇలాంటివి. అన్నిటికీ 'అవును' అని టిక్ పెట్టి సంతకం చేసేయమంటున్నారు. సగం వాటికి జవాబు నాకే తెలియదు. రేపు ఇది నా మెడకు చుట్టుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: తెలియని దానికి 'అవును' అని సంతకం పెట్టకండమ్మా. ఆ గడిలో 'చూడలేదు' అని రాయండి. 26 ఏళ్లు ఆసుపత్రుల్లో లోపలి ఆడిట్ చేసినదాన్ని, 'చూడలేదు' అని నిజాయితీగా రాసిన కాగితం వల్ల ఎవరికీ ఉద్యోగం పోవడం నేను చూడలేదు. 'అవును' అని రాసి, తర్వాత చూపించలేక ఏడ్చినవాళ్లను మాత్రం చూశాను. అలాంటి ఒకమ్మాయి పక్కన కూర్చుని మంచినీళ్లు తాగించాను కూడా.

ముందు చట్టం సంగతి. మీ మేనేజరు గారు ఒక విషయంలో పొరబడ్డారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. అందులో 12 నెలలకోసారి ఆడిట్ తప్పనిసరి చేసింది కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించే పెద్ద సంస్థలకే. మీలాంటి ఆసుపత్రికి ఉన్న బాధ్యత వేరు, అది రోజువారీది. పేషెంట్ల సమాచారాన్ని ఎవరు చూస్తున్నారో కంప్యూటర్‌లో నమోదు కావాలి, ఆ నమోదును గమనిస్తూ సమీక్షించాలి, ఏడాది పాటు దాచాలి. ఇవి 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి. భద్రత సరిగా పాటించకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు. అది పడేది సంస్థ మీద, మీ మీద కాదు. ఇంకా టైముంది కదా అని మేనేజరు గారు అంటే, కంప్యూటర్ లాగ్‌లు 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశం ఇచ్చిందని చెప్పండి.

లాగ్ అంటే ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ పేషెంటు ఫైలు తెరిచారో కంప్యూటర్ తనంతట తాను రాసుకునే చిట్టా. ఈ చిట్టా గురించి నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం మా చెల్లెలికి ఒక ఆసుపత్రిలో బయాప్సీ చేశారు. రిపోర్టు మంగళవారం ఇస్తామన్నారు. సోమవారం సాయంత్రమే మా మేనత్త కోడలు ఫోన్ చేసి, "అక్కా, క్యాన్సరంటగా?" అంది. మా చెల్లెలు పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. తన జబ్బు పేరు తను మొదటిసారి విన్నది అలాగ. మర్నాడు ఆసుపత్రికి వెళ్లి, ఆ రిపోర్టు ఎవరెవరు తెరిచారో చెప్పమని అడిగాను. చిట్టా ఉందన్నారు, చూసే అలవాటు లేదన్నారు. గట్టిగా అడిగితే నెల తర్వాత రమ్మన్నారు. వెళితే 30 రోజులు దాటినవి చెరిగిపోతాయన్నారు. చిన్న ఊళ్లో ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి, పేషెంటు, పేషెంటు బంధువులు అందరూ ఒకే వీధివాళ్లై ఉంటారు. మన ఆసుపత్రుల్లో సమాచారం బయటికి పోయేది ఎక్కువగా ఈ దారినే.

ఇతర దేశాల్లోనూ ఇంతే. నెదర్లాండ్స్‌లో హేగ్ నగరంలోని హాగా ఆసుపత్రిలో 2018లో టీవీలో పేరున్న ఒకావిడ చేరితే, ఆమె వైద్యంతో ఏ సంబంధమూ లేని సిబ్బంది 85 మంది ఆమె ఫైలు తెరిచి చూశారు. అక్కడి డేటా రక్షణ సంస్థ 2019లో 4.6 లక్షల యూరోల జరిమానా వేసింది, తర్వాత కోర్టు దాన్ని 3.5 లక్షలకు తగ్గించింది. ఆ ఆసుపత్రిలో చిట్టా ఉంది. దాన్ని క్రమం తప్పకుండా చూడకపోవడమే తప్పుల్లో ఒకటిగా తేల్చారు. పోర్చుగల్‌లో బరేరో ఆసుపత్రిది ఇంకో కథ. డాక్టర్ల సంఖ్య 296, డాక్టరు హోదాతో పనిచేస్తున్న లాగిన్లు 985. 2018లో 4 లక్షల యూరోల జరిమానా.

985 ఎలా అయ్యాయా అని నాకు ఆశ్చర్యం కలగలేదు. నేను ఆడిట్ చేసిన ఒకచోట, ఎనిమిది నెలల కిందట మానేసిన నర్సు లాగిన్ ప్రతి రాత్రీ నైట్ డ్యూటీలో తెరుచుకుంటోంది. దొంగతనమేమో అనుకుని ఆరా తీస్తే, కొత్తగా చేరినవాళ్లకు లాగిన్ ఇవ్వడానికి కంప్యూటర్ సెక్షన్‌కి నాలుగు రోజులు పడుతోంది. ఈలోపు పేషెంట్లకు మందులు ఆగకూడదు కదా. పాత నర్సు పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మానిటర్ వెనక అతికించుకున్నారు. ఆ పిల్లల మీద చర్య తీసుకుందామన్నారు యజమానులు. నేను ఒప్పుకోలేదు. లాగిన్ అదే రోజు ఇచ్చే ఏర్పాటు చేయించాను, కాగితం దానంతట అదే పోయింది.

ఇక మీరు చేయవలసింది. చెక్‌లిస్టులో ప్రతి 'అవును' పక్కన 'ఏం చూసి రాశాను' అని ఇంకో గడి గీయండి. ఉద్యోగం మానేసినవాళ్ల జాబితా హెచ్ఆర్ దగ్గర తీసుకోండి, లాగిన్ల జాబితా పక్కన పెట్టండి, స్కేలు పెట్టి ఒక్కో పేరూ కొట్టుకుంటూ పోండి. గంట పని. ఆ కాగితమే మీ సాక్ష్యం. రికార్డ్స్ సెక్షన్ వరకు మాత్రం మీరు ఆడిట్ చేయొద్దు, మీ పని మీరే తనిఖీ చేసుకున్నట్టవుతుంది. అకౌంట్స్‌లోనో ఫార్మసీలోనో నమ్మకమైన మనిషి మీ గది చూడాలి, మీరు వాళ్లది చూడాలి.

తర్వాత ఒక పేషెంటు ఆధార్ జిరాక్స్ వెంట నడవండి. రిజిస్ట్రేషన్ కౌంటర్ నుంచి ఇన్సూరెన్స్ డెస్క్, అక్కడి నుంచి బిల్లింగ్, చివరికి పాత కాగితాల గోనెసంచి దాకా. ఒకసారి బస్టాండు దగ్గర కొన్న వేరుశనక్కాయల పొట్లం విప్పితే ఎవరిదో షుగర్ రిపోర్టు. పేరు, వయసు, ఫోన్ నంబరు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. డాక్టర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టే స్కానింగ్ ఫొటోలు కూడా ఈ దారిలోనే తగులుతాయి, వాటినీ రాసుకోండి.

ప్రతి సోమవారం అరగంట చిట్టాకి కేటాయించండి. మొత్తం చదవడం ఎవరివల్లా కాదు. ఆ వారం చేరినవాళ్లలో మీ సిబ్బంది, వాళ్ల బంధువులు, ఊళ్లో పేరున్నవాళ్లు ఎవరో చూసుకుని, ఆ ఫైళ్లు ఎవరు తెరిచారో చూడండి. డెలివరీ కేసు ఫైలు ఎముకల విభాగంలో తెరుచుకుంటే ఎందుకని అడగండి. అడిగేటప్పుడు మర్యాదగా అడగండి, సరైన కారణం ఉండొచ్చు. క్యాజువాలిటీలో డాక్టరు ఏ ఫైలైనా వెంటనే తెరవగలగాలి, అక్కడ అడ్డం పెట్టొద్దు. కారణం తర్వాత రాయించుకుంటే చాలు. ఇలా చూస్తున్నామని సిబ్బందికి ముందే నోటీసు బోర్డు మీద పెట్టండి. చాటుగా చూసి పట్టుకుంటే మీరంటే కోపం మిగులుతుంది, ముందే చెబితే చాలామంది ఆ ఫైలు తెరవరు.

మేనేజరు గారు ఒప్పుకోకపోతే ఇవన్నీ ఒక పేజీలో రాసి ఇచ్చి, కాపీ మీద తేదీ వేయించుకోండి.

ప్రశ్న: నా ఫైలు ఎవరెవరు చూశారో ఆసుపత్రిని అడిగే హక్కు పేషెంటుగా నాకుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ సమాచారం ఏమేం ఉంది, దాంతో ఏం చేస్తున్నారు, బయట ఏ సంస్థలకు ఇచ్చారు అని అడిగే హక్కు ఈ చట్టంలో ఉంది బాబూ. అదీ 2027 మే నుంచే. లోపల ఏ ఉద్యోగి తెరిచాడో పేరు చెప్పాలని మాత్రం చట్టం అనలేదు. అలా ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం. మీకు అనుమానం ఉంటే తేదీ, ఏం బయటపడిందో, ఎవరి నోట విన్నారో రాసి ఫిర్యాదు ఇవ్వండి. ఫలానా రోజుల చిట్టా చెరపకుండా ఉంచమని అందులో కోరండి. నెల ఆగకండి, ఆ వారమే ఇవ్వండి.