గ్రహణం మొర్రి తర్వాత ముక్కు వంకర: ఇప్పుడే ఆపరేషనా?

పాపకు 9 ఏళ్లు, పసితనంలో గ్రహణం మొర్రి కుట్టించినా ఎడమ ముక్కుపుటం అణిగే ఉంది, ఇప్పుడే సరిచేయించాలా అని అడిగారు కదండీ. పూర్తి రైనోప్లాస్టీకి, అంటే ముక్కు ఆకారం సరిచేసే ఆపరేషన్‌కు, తొందరపడకండి. ముఖం ఎదుగుదల ఆగాక, ఆడపిల్లలకైతే దాదాపు 15-16 ఏళ్లకు చేస్తారు. అప్పుడు ముక్కు మధ్యగోడను నిటారుగా చేసి, అక్కడి నుంచో పక్కటెముక నుంచో మృదులాస్థి (మెత్తటి ఎముక) తీసి ముక్కు కొనకు ఊతంగా పెడతారు.

ఇప్పుడు ముందు డాక్టరుకు చూపించాల్సింది పళ్ల చిగుళ్లు. అక్కడి ఎముకలోనూ చీలిక ఉంటే, కోరపన్ను రాకముందే తుంటి నుంచి ఎముక తీసి నింపుతారు. ముక్కు రెక్కకు పునాది అదే. అది లేకుండా పైన ఎంత చెక్కినా ఆ పక్కకే ఒరుగుతుంది. ఈ వయసు దాటనివ్వకండి, దయచేసి.

కుడి రంధ్రం మూసి, ఎడమదాని కింద చిన్న అద్దం పెట్టి చూడండి. ఆవిరి పట్టకపోతే డాక్టరుకు తప్పక చెప్పండి. బళ్లో ఏడిపిస్తున్నారని పాప కుమిలిపోతుంటే, ముక్కు కొనకు మాత్రం చిన్న సవరణ ముందే కుదురుతుందేమో అడగండి.