పాస్‌వర్డ్ మార్చినా ఆఫీసు సర్వర్ నుంచి స్పామ్ ఆగకపోతే

హ్యాక్ అయిన మెయిల్ అకౌంట్‌కు మీరు పాస్‌వర్డ్ మార్చాక కూడా వెళ్తున్నవి చాలావరకు పాతవే అయ్యుంటాయి. అంటే అప్పటికే సర్వర్ క్యూలో, పంపాల్సిన మెయిల్స్ వరుసలో, చేరిపోయినవి. మీ మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ అయితే డిఫాల్ట్‌గా 5 రోజుల దాకా వాటిని పంపే ప్రయత్నం మానదు. అందరూ మర్చిపోయేది ఈ క్యూనే.

1. ముందు క్యూ మొత్తాన్ని హోల్డ్‌లో పెట్టండి.
2. ఏ లాగిన్‌తో వచ్చాయో లాగ్‌లో చూడండి. ఫ్రమ్ అడ్రస్‌ను నమ్మకండి, అక్కడ ఎవరి పేరైనా రాసుకోవచ్చు.
3. ఆ లాగిన్‌వి మాత్రమే డిలీట్ చేసి, మిగతావాటిని హోల్డ్ నుంచి వదిలి వెళ్లనివ్వండి. టెన్షన్‌లో క్యూ అంతా తుడిచేస్తే ఆఫీసు మెయిల్స్ కూడా పోతాయి.
4. మెయిల్ సర్వీసులు రీస్టార్ట్ చేయండి, పాత కనెక్షన్లు తెగిపోతాయి.
5. ఆ లాగిన్ మెయిల్‌బాక్స్‌లో తెలియని ఫార్వర్డింగ్ రూల్ ఉంటే తీసేయండి.

మీ సర్వర్ బ్లాక్‌లిస్ట్‌లో (స్పామ్ పంపే సర్వర్ల జాబితాలో) చేరి ఉంటే, అందులోంచి తీయమని అడగడం ఇదంతా అయ్యాకే.