పాత ఆటోమేటిక్ కారుకి గేరాయిల్ ఇంట్లో మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం. 2010 మోడల్ హోండా సిటీ ఆటోమేటిక్, విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. లక్ష కిలోమీటర్లు దాటింది. గేరాయిల్ ఎప్పుడు మార్చారో పాత ఓనరుకే తెలీదు. పొద్దున్నే బండి తీసి డ్రైవ్‌లో వేస్తే కాస్త ఆగి, చిన్న కుదుపుతో కదులుతోంది. మెకానిక్‌ని అడిగితే "ఇన్నేళ్లూ మార్చని ఆయిల్ ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్స్ పోతుంది, ముట్టుకోకండి" అన్నాడు. మా బావమరిది మాత్రం "ఇంజినాయిల్ మార్చినట్టే ఇంట్లో మార్చేద్దాం బావా" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ బావమరిది మాటే వినండి. కాకపోతే "ఇంజినాయిల్ మార్చినట్టే" అన్న ముక్క మాత్రం పక్కన పెట్టండి, ఎందుకంటే తేడా అంతా అక్కడే ఉంది.

మెకానిక్ భయం ఊరికే పుట్టలేదు. లోపల క్లచ్ ప్లేట్లు అరిగిపోయి, గేరు జారడం మొదలయ్యాక చాలామందికి ఆయిల్ గుర్తొస్తుంది, అప్పుడు మారుస్తారు, పది రోజుల్లో గేర్‌బాక్స్ పడుకుంటుంది, నేరం కొత్త ఆయిల్ మీదకి పోతుంది. ఆఖరి ఘడియలో వేసిన మందుని తప్పుపట్టినట్టు. దీనికి తోడు మెషీన్ పెట్టి ఒత్తిడితో ఫ్లష్ చేస్తే ఏళ్లుగా అడుగున పేరుకున్న మడ్డి కదిలి వాల్వుల్లో ఇరుక్కోవచ్చు. పాత బండికి నేనైతే ఫ్లష్ వద్దనే చెబుతాను. కింద ప్లగ్ విప్పి, దిగినంత దించి, అంతే కొత్తది పోయడం వేరు, అది నెమ్మదైన పని, దాంతో గేర్‌బాక్స్‌కి అంత ప్రమాదం లేదు.

ముందు డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డ మీద ఒక చుక్క రాయండి. ఎరుపు ఇంకా కనిపిస్తుంటే మంచిదే. గోధుమ రంగుకి తిరిగి, వాసన మామూలుగానే ఉంటే మార్చాల్సిన టైమ్ వచ్చిందని. నల్లగా ఉండి మాడు వాసన కొడుతూ, ఎక్సలేటర్ నొక్కితే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి ముందుకు పోవడం లేదంటే మాత్రం ఇంట్లో చేయకండి, అది ఆయిల్‌తో తీరే జబ్బు కాదు. మీరు చెప్పిన పొద్దుటి కుదుపు ఒక్కటే అయితే, ఆయిల్ మార్చాక తగ్గే అవకాశం బాగానే ఉంది. తగ్గుతుందని హామీ మాత్రం ఇవ్వలేను.

ఆయిల్ విషయానికొస్తే, మీ కారు కాలంలో హోండా చెప్పింది ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) జెడ్-1, ఆ తర్వాత దాని స్థానంలో డీడబ్ల్యూ-1 వచ్చింది. అదే కొనండి. దాంతోపాటు డ్రైన్ ప్లగ్‌కి కొత్త వాషర్ కూడా అడిగి తీసుకోండి, పాతది నలిగి ఉంటుంది, మళ్లీ అదే వేస్తే చుక్క చుక్కగా కారుతుంది.

ఇప్పుడు పని. ఓ పది నిమిషాలు బండి నడిపి ఆయిల్‌ని గోరువెచ్చగా చేయండి, మరీ వేడెక్కితే చేతులు కాలతాయి. బండిని లేపడానికి జాకీ వాడండి గానీ, కిందకి దూరేముందు తప్పనిసరిగా జాక్ స్టాండ్లు పెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి, లేదా సిమెంటు ఇటుకలు పేర్చి కింద పడుకోవద్దు. ఇటుక ఎప్పుడు పగులుతుందో చెప్పలేం, బండి మీద పడితే తీసే టైమ్ కూడా ఉండదు. ఈ ఒక్క విషయంలో మీ బావమరిది ఏం చెప్పినా వినకండి.

కిందకెళ్లాక తొందరపడకూడదు. అక్కడ రెండు ప్లగ్‌లు కనిపిస్తాయి. ఇంజినాయిల్ ప్లగ్‌కి మామూలు బోల్టు తలే ఉంటుంది, స్పానర్ పడుతుంది. గేర్‌బాక్స్ ప్లగ్‌కి తల మధ్యలో చదరపు గుంట ఉంటుంది, మూడు బై ఎనిమిది అంగుళాల రాచెట్ చివర సాకెట్ లేకుండా నేరుగా అందులో కూర్చుంటుంది. ఇది చూసుకోక ఇంజినాయిల్ దించేసి, కొత్త ఏటీఎఫ్‌ని గేర్‌బాక్స్‌లో ఉన్న పాతదాని మీద పోసేవాళ్లున్నారు. దాంతో ఇటు ఇంజిన్‌కీ అటు గేర్‌బాక్స్‌కీ చేటు. ప్లగ్ బయటికొచ్చాక దాని అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటుంది, అది మామూలు అరుగుదలే, తుడిచేయండి. వేలికి గుచ్చుకునే ఇనుప ముక్కలుంటే మాత్రం మెకానిక్‌కి చూపించాలి.

దిగిన ఆయిల్‌ని పారబోయకుండా ఖాళీ బాటిళ్లలో పోసి కొలవండి. ఎంత దిగిందో అంతే కొత్తది పోయాలి, గరాటుకి సన్నపైపు తగిలించి డిప్‌స్టిక్ దారిలోంచి మెల్లగా. ప్లగ్ బిగింపు 49 న్యూటన్ మీటర్లు, కేసు అల్యూమినియం కాబట్టి బలం చూపిస్తే మరలు పోతాయి.

లెవెల్ చూడటమే అసలు పని. మన ఊళ్లలో చాలా ఇళ్ల ముందు కాలువ మీదుగా ర్యాంపు ఉంటుంది, బండి అక్కడే నిలుపుతాం, దాని మీద కొలిస్తే లెక్క తప్పుతుంది. సమంగా ఉన్న చోటుకి తెచ్చి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ నడిపి, ఆపేసి, ఒకటిన్నర నిమిషంలోపే డిప్‌స్టిక్ చూడండి. రెండు గుర్తుల మధ్య ఉండాలి. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఎక్కువైతే ఆయిల్ చిలికి నురగవుతుంది, రెండిటికీ గేరు జారుతుంది.

ఇంకొకటి. ఒక్కసారికి పాత ఆయిల్ అంతా రాదు, టార్క్ కన్వర్టర్‌లోనూ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఆయిల్ కూలర్‌లోనూ చాలా మిగిలిపోతుంది. ఒక్కోసారి నలభై శాతం మారుతుందనుకుంటే, మూడుసార్లు చేశాక పాతది ఇరవై రెండు శాతానికి దిగుతుంది. మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు తిరుగుతూ మూడుసార్లు చేయండి. ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ ఎక్కే అలవాటుంటే వేసవికి ముందే పూర్తి చేయండి, ఏటవాలులో నెమ్మదిగా ఎక్కేటప్పుడు టార్క్ కన్వర్టర్ బాగా వేడెక్కుతుంది, ఈ ఆయిల్‌ని పాడుచేసేది వేడే. దించిన వేస్టాయిల్‌ని కాలువలో వదలకండి, కొనుక్కునేవాళ్లు ఉంటారు, మీ మెకానిక్ షెడ్డులో ఇచ్చేయండి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం. ఐ10 ఆటోమేటిక్, నాలుగు గేర్లది. ఎర్రగా ఉన్న ఏ ఆయిలైనా ఒకటే అని షాపులో పవర్ స్టీరింగ్ ఆయిల్ ఇవ్వబోయారు. పోయొచ్చా?

జవాబు: వద్దండీ. ఎరుపు ఒట్టి రంగు, లీకైతే కనిపించడానికి కలుపుతారు. క్లచ్ ప్లేట్లు ఎంత గట్టిగా, ఎంత మెత్తగా పట్టుకోవాలన్నది ఆయిల్‌లోని మందుల మీద ఆధారపడుతుంది. మీ కారుకి ఎస్‌పీ-3 అని డబ్బా మీద స్పష్టంగా రాసున్నదే వాడాలి. పైన హోండాకి చెప్పిన లెవెల్ పద్ధతి మీరు పాటించకండి. మీదాంట్లో వేడెక్కాక, బ్రేకు మీద కాలు పెట్టి లీవర్‌ని అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి, ఇంజిన్ నడుస్తుండగానే 'హాట్' గుర్తు దగ్గర చూడాలి.

ప్రశ్న: బొబ్బిలి నుంచి రాస్తున్నాను. నా కారు ఏఎంటీ. నేనూ ఏటీఎఫ్ మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. మీది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ నొక్కే పని, గేరు మార్చే పని ఒక యంత్రం చేస్తుంది, అంతే. గేర్‌బాక్స్‌లో పడేది మాన్యువల్ గేరాయిలే. టార్క్ కన్వర్టర్ లేదు. సీవీటీ (గేర్లకి బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఉన్నవాళ్లు కూడా గమనించాలి, దాని ఆయిల్ వేరే, ఏటీఎఫ్ పోస్తే బెల్టు దెబ్బతింటుంది.

ప్రశ్న: పలాస. వరద నీళ్లలో మా ఆటోమేటిక్ కారు తలుపుల దాకా మునిగింది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ రోజ్‌మిల్క్ రంగులో ఉంది. ఇంట్లో మార్చుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఆ రంగు అంటే నీళ్లు లోపలికి పోయాయని. గాలి పోయే చిన్న గొట్టంలోంచి పోతాయి. క్లచ్ ప్లేట్ల మీద కాగితం లాంటి పొర జిగురుతో అతికి ఉంటుంది, నీటికి ఆ జిగురు విడిపోతుంది, ఒక్కసారి డ్రెయిన్ చేస్తే కన్వర్టర్‌లో నీళ్లు అలాగే ఉంటాయి. స్టార్ట్ చేయకండి, తాడు కట్టి లాగించకండి కూడా. ఇంజిన్ ఆగి ఉండగా చక్రాలు తిరిగితే గేర్‌బాక్స్ లోపల ఆయిల్ తిరగదు, ఎండిపోయి అరుగుతుంది. ముందు చక్రాలతో నడిచే కారైతే వాటిని పైకెత్తి, లేదంటే మొత్తం బండిని లారీ మీదకి ఎక్కించి షెడ్డుకి పంపండి. 2018లో తిత్లీ తుఫాను చూసిన జిల్లా మనది, కాబట్టి సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కొనేవాళ్లు బేరం ఆడేముందే డిప్‌స్టిక్ తీసి ఈ రంగు ఉందేమో చూసుకోండి.