లేపొద్దు అనేవాళ్ల మాట వినొద్దు

చిన్నోడా,

మీ నాయనకు ఇంకో పన్నెండు రోజుల్లో కర్నూల్లో తలకు ఆపరేషన్ అని అమ్మ ఫోన్‌లో చెప్పింది. మెదడు పైపొరలో గడ్డ, క్యాన్సర్ కాదన్నారట. గడ్డ సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని కాబట్టి నేను ఆ తర్వాతి సంగతి చెబుతాను, లోపల రక్తం కారడం గురించి.

టెన్షన్ పడొద్దు, అది అందరికీ రాదు. మళ్లీ తల తెరవాల్సినంతగా కారేది నూటికి ఏ ఒకరిద్దరికో. అయితే పొట్టలో లాగా అక్కడ జాగా ఉండదు. పుర్రె ఎముక పెట్టె, సాగదు. కారిన రక్తం గడ్డకట్టి మెదడునే నొక్కుతుంది. ఎక్కువగా మొదటి ఆరు గంటల్లో, లేదంటే ఒక రోజులోపు బయటపడుతుంది. అందుకే ఆ రోజంతా ఐసీయూలో ఉంచి గంట గంటకూ చూస్తారు.

ముందు మందుల సంచి మొత్తం తీసుకెళ్లి డాక్టర్ ముందు కుమ్మరించు. స్టెంట్ వేసినప్పటి నుంచి రక్తం పలచబడే మాత్ర వాడుతున్నాడు కదా. అలాంటి మాత్రే ఆస్పిరిన్. అది పాడుచేసిన ప్లేట్‌లెట్ల (రక్తం గడ్డకట్టించే కణాల) చోటికి కొత్తవి రావడానికి వారం పది రోజులు పడుతుంది, అందుకే ముందుగా ఆపమంటారు. కానీ నీ అంతట నువ్వు ఆపొద్దు, స్టెంట్ మూసుకుపోతే అదో ప్రమాదం. గుండె డాక్టర్‌నూ, మెదడు డాక్టర్‌నూ ఇద్దరినీ అడుగు, ఈ రోజే. ఆర్ఎంపీ ఇచ్చే మోకాళ్ల నొప్పి మాత్రల గురించీ చెప్పు. రాత్రిపూట క్వార్టర్ సంగతీ చెప్పు. ఆయన చెప్పడు, నువ్వే చెప్పాలి. పరువేమీ పోదు.

ఇక అసలు మాట. నేను కొత్తగా చేరిన రోజుల్లో, ఆసుపత్రి పేరు ఎందుకులే, వార్డులో రాత్రి రెండు గంటలకు ఒకాయన గురక పెడుతున్నాడు. తలకు ఆపరేషనై రెండో రోజు. పక్కన కూర్చున్న భార్య నా చెయ్యి పట్టుకుని, "మూడు రోజుల నుంచి కన్ను మూయలేదు సిస్టర్, ఇప్పుడే పట్టింది, లేపొద్దు" అంది. జాలిపడి ముందుకెళ్లాను. మూడున్నరకు టార్చి వేసి చూస్తే ఒక కంటిపాప మామూలుగా ఉంది, రెండోది శనగగింజంత విప్పారి, వెలుగు పడినా కదలడం లేదు. సీటీ తీసి, మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లారు. బతికాడు గానీ కుడి చెయ్యి మళ్లీ లేవలేదు. ఆ గంటన్నర ఇప్పటికీ నా లెక్కలోనే ఉంది.

కాబట్టి వార్డుకు మార్చాక నాయన నిద్రపోతుంటే లేపు. తిడితే తిట్టనీ, తిడితే మంచిదే. పేరు అడుగు, ఏ ఊరో అడుగు. తల ఊపితే చాలదు, మాట రావాలి. కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపమను, ఒకటి మెల్లగా కిందికి జారుతుందేమో చూడు. తలనొప్పి తగ్గకుండా పెరగడం, వాంతులు, మూతి వంకర, ఫిట్స్, ఏది కనిపించినా సిస్టర్ దగ్గరికి పరుగెత్తు. "ఏదోలా ఉన్నాడు" అంటే ఎవరూ కదలరు. "పది గంటలకు పేరు చెప్పాడు, ఇప్పుడు మూలుగుతున్నాడు" అని చెప్పు. స్పృహ ఎంతుందో వాళ్లు పదిహేనుకు లెక్కేసే స్కోరు ఒకటుంది, అది రెండు తగ్గిందంటే ఊరుకోరు.

తలలో మిగిలిన రక్తం గొట్టం గుండా దిగే డ్రైన్ సంచి ఉంటే నువ్వు ఎత్తొద్దు, దించొద్దు. ఎర్రటి రక్తం గబగబా నిండుతుంటే చెప్పు. దగ్గినా, విరేచనానికి ముక్కినా బీపీ ఎగురుతుంది, మలబద్ధకానికి మందు అడుగు.

డిశ్చార్జి అయ్యాక వెంటనే ఆదోనికి తీసుకెళ్లొద్దు. వంద కిలోమీటర్ల దారి. కొన్ని రోజులు కర్నూల్లోనే మీ అత్త ఇంట్లో ఉండండి. రక్తం పలచబడే మాత్ర మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కాగితం మీద రాయించుకో.

ఇంకొకటి. ఆయన ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఆ పాప ముందు నుంచే కాస్త వంకరగా ఉంటుంది. ఎడమ చెవి వినపడదు. ఈ రెండూ మొదటి రోజే సిస్టర్లకు చెప్పు, కేసు షీటులో రాయించు. లేకపోతే టార్చి వేసినవాళ్లు లేనిపోనిది అనుకుంటారు, పిలిస్తే పలకలేదని రాసుకుంటారు.

ఆ రోజు పొద్దున నంద్యాల నుంచి మొదటి బస్సుకు వస్తాను. వార్డుకు మార్చాక రాత్రి కాపలా నాది, నువ్వు కింద చాప వేసుకుని పడుకో.

పెద్దమ్మ