జిగురు సంచి, ఉరుము రాయి, పరుసవేది

ప్రశ్న: మేము డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆటలో ఐదో ఎడిషన్ (2014 నియమాలు) ఆడుతున్నాం. మూడో ఎడిషన్‌లోని రసవాద సామగ్రిని, ముఖ్యంగా థండర్‌స్టోన్‌నూ (ఉరుము రాయి), టాంగిల్‌ఫుట్ బ్యాగ్‌నూ (జిగురు సంచి) మా ఆటలోకి తేవాలని ఉంది. అంకెలు ఉన్నవి ఉన్నట్లు దించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దండి. ఆ వస్తువు ఆటలో ఏ పనికి వచ్చేదో అది పట్టుకోండి, అంకెలు తర్వాత చూడవచ్చు.

థండర్‌స్టోన్‌నే తీసుకోండి. 30 బంగారు నాణేల రాయి. విసిరితే పది అడుగుల చుట్టూ ఉన్నవాళ్లు డీసీ (పాచికతో అందుకోవాల్సిన అంకె) 15తో ఫోర్టిట్యూడ్ సేవ్, అంటే ఒంటి గట్టిదనంతో తట్టుకునే పాచిక, వేయాలి, తప్పితే గంటసేపు చెవుడు. అప్పట్లో చెవుడంటే ఇనీషియేటివ్‌లో (ఎవరి వంతు ముందో తేల్చే పాచికలో) 4 కోత, పైగా నోటితో పలికే మంత్రం 20 శాతం విఫలమయ్యే అవకాశం. ఆ రాయి కొనేది అందుకే. ఐదో ఎడిషన్‌లో చెవుడు వస్తే వినపడదు, అంతే. మాంత్రికుడు తన మంత్రం తాను నిక్షేపంగా చదువుకుంటాడు. అక్షరం పొల్లుపోకుండా దించినా రాయి పనికిరాకుండా పోతుంది.

మా బల్ల దగ్గర నేను పెట్టిన నియమం ఇది: డీసీ 12 కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) సేవ్ తప్పితే ఒక నిమిషం చెవుడు, కాన్‌సెంట్రేషన్‌తో (ఏకాగ్రతతో) నిలిపిన మంత్రం ఏదైనా ఉంటే అది తెగిపోతుంది. ఈమధ్య శత్రు మాంత్రికుడు వెబ్ మంత్రంతో గుహ దారి మూసేస్తే, మంత్రమన్నదే రాని మా దొంగ పాత్ర ఈ రాయి విసిరింది. సాలెగూడంతా ఒక్కసారిగా మాయం! మంత్రం రానివాడి చేతిలో ఒక్కసారి పనిచేసే ఉపాయం, రసవాద వస్తువు విలువంతా అదే. దాన్ని మాత్రం పోగొట్టకండి.

టాంగిల్‌ఫుట్ బ్యాగ్‌కు కొలమానం మీ పుస్తకంలోనే ఉంది. ఒక నాణెం ఖరీదు చేసే వల తగిలినవాడు రిస్ట్రెయిన్డ్ అవుతాడు, అంటే కదలలేడు; డీసీ 10 స్ట్రెంగ్త్ (బలం) చెక్‌తో విడిపించుకుంటాడు. 50 నాణేల సంచి అంతకంటే గట్టిగా పట్టాలి కదా. విడిపించుకోవడానికి డీసీ 13 పెట్టండి. డెక్స్‌టెరిటీ (చురుకుదనం) సేవ్ గెలిచినవాడికి కూడా ఆటలో ఒక వంతు పాటు సగం నడకే ఇవ్వండి. నిమిషంలో జిగురు ఎండి రాలిపోవాలి. సేవ్‌కు పాత డీసీ 15 మాత్రం ఉంచకండి. ఓగర్ అనే రాక్షసజీవికి డెక్స్‌టెరిటీలో మైనస్ 1 ఉంది కాబట్టి 15 పెడితే నాలుగింట మూడుసార్లు ఇరుక్కుంటుంది, 12 అయితే అయిదింట మూడుసార్లు. పోరాటంలో ఉత్కంఠ మిగలాలంటే 12 చాలు.

ఇంట్లో తయారు చేసుకుంటామంటే ఐదో ఎడిషన్ లెక్క రోజుకు 5 నాణేల పని, ముడిసరుకు సగం ధర. సంచికి పది రోజులు, 25 నాణేలు అవుతాయి. మూటలకొద్దీ మోయకుండా ఆ అదుపు చాలు.

ప్రశ్న: ఇనుమును బంగారం చేసే పరుసవేదిని మా కథలో పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పెట్టండి, ఆటగాళ్ల చేతికి మాత్రం త్వరగా ఇవ్వకండి. ధరలన్నీ బంగారంతో నడిచే ఆటలో అది దొరికిన రోజే ఇక కొనలేనిదంటూ ఉండదు. మన రసశాస్త్రంలో పాదరసానికి పద్దెనిమిది సంస్కారాలు (దాన్ని సిద్ధం చేసే దశలు) చెప్పారు. ఒక్కో సంస్కారానికి ఒక్కో సాహసం కల్పిస్తే మీకు ఏడాదికి సరిపడా కథ ఉంటుంది. మొదటి ఆటలో పాడుబడిన రసశాలలో ఒక కల్వం, అందులో పాదరసం, గంధకం కలిపి నూరిన నల్లటి కజ్జలి దొరకనివ్వండి. అది ఎవరు నూరారో, సగంలో ఎందుకు వదిలేశారో వాళ్లే వెతుక్కుంటారు.