నాలుగేళ్ల తర్వాత ఏమిటి? నేవీకి వెళ్తానంటున్న అబ్బాయి తల్లికి జవాబు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. నేవీలో అగ్నివీర్‌గా, అంటే నాలుగేళ్ల కాలానికి తీసుకునే నావికుడిగా, చేరతానంటున్నాడు. ఏటా డిసెంబర్‌లో బీచ్ రోడ్డులో నేవీ విన్యాసాలు చూస్తూ పెరిగాడు, ఆ కోరిక ఈనాటిది కాదు. నాలుగేళ్లకే ఇంటికి పంపేస్తే పింఛనూ ఉండదు, డిగ్రీ ఉండదు, ఏం చేస్తాడని వాళ్ల నాన్న ఒప్పుకోవడం లేదు. మీరు నేవీలో పనిచేశారు కాబట్టి అడుగుతున్నాను. పంపమంటారా? – ఒక తల్లి, మల్కాపురం, విశాఖపట్నం

జవాబు: అమ్మా, పంపించండి. అయితే మీవారి భయాన్ని తీసిపారేయకండి. నేను 1999లో చేరి, 2015లో పింఛనుతో బయటికి వచ్చాను. ఆయన అడుగుతున్న ప్రశ్న నన్ను కూడా వదల్లేదు.

ముందు లెక్క చూద్దాం. అగ్నివీర్‌కు మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు. అందులో 30 శాతం, చివర్లో తిరిగి ఇచ్చే సేవా నిధికి పోగా చేతికి 21,000 వస్తాయి. నాలుగో ఏడాది జీతం 40,000, చేతికి 28,000. నిధిలో అతను దాచుకున్నంత మొత్తాన్ని ప్రభుత్వం కూడా వేస్తుంది. నాలుగేళ్లు పూర్తయ్యేసరికి ఆ రెండూ, వడ్డీ కలిపి సుమారు 11.71 లక్షలు, దాని మీద ఆదాయపు పన్ను లేదు. ఈ అగ్నిపథ్ పథకం మొదలైన 2022 నాటి నిబంధనల ప్రకారం ప్రతి బృందంలో గరిష్ఠంగా నాలుగో వంతు మందిని మాత్రమే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మిగిలినవారికి పింఛను, గ్రాట్యుటీ, మాజీ సైనికుడి హోదా, క్యాంటీన్ సదుపాయం ఉండవు. ఏడాదికి సెలవు 30 రోజులు. ఆ నాలుగేళ్లలో పెళ్లి చేసుకోకూడదు. ఆ నాలుగో వంతులో మీ అబ్బాయి ఉంటాడని నమ్ముకుని పంపకండి. మిగతా మూడు వంతుల్లో ఉంటాడనుకుని, దానికి సిద్ధమై పంపండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా సంగతి వినండి. ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో శిక్షణ అయ్యాక నన్ను ఇంజిన్ రూముకు వేశారు. పదహారేళ్లు ఆ వేడిలో, ఆ మోతలో పనిచేశాను. డీజిల్ జనరేటర్ శబ్దంలో చిన్న తేడా వచ్చినా నిద్రలోంచి లేచేవాణ్ణి. 34 ఏళ్లకు బయటికి వచ్చి, ఊళ్లోనే ఒక కర్మాగారంలో ఇంటర్వ్యూకు వెళ్లాను. యంత్రాల గురించి వాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాను. చివర్లో డిప్లొమా చూపించమన్నారు. నా దగ్గర లేదు. సర్వీసు కాగితాల్లో ఉన్న మాటలు వాళ్లకు అర్థం కాలేదు, వాటిని వాళ్ల భాషలో ఎలా చెప్పాలో నాకూ తెలియలేదు. అడిగిన జీతంలో సగానికి హెల్పర్‌గా చేరాను. ఆ రోజు సింధియా జంక్షన్‌లో బస్సు దిగి, ఇంటికి వెళ్లడానికి మనసు రాక చాలాసేపు అక్కడే నిలబడ్డాను. పదహారేళ్లలో చదువుకోవడానికి వీలైన సాయంత్రాలు ఎన్ని వచ్చాయో అప్పుడు లెక్క వేసుకున్నాను. రేవులో ఉన్న నెలల్లో ఎంతోమంది తోటివాళ్లు దూరవిద్యలో డిగ్రీలు కట్టారు. నాకు ఇంకా చాలా కాలం ఉందిలే అనుకున్నాను. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసేసరికి నా కూతురు హైస్కూలుకు వచ్చింది.

నాకు పదహారేళ్లు ఇచ్చారు, మీ అబ్బాయికి ఇచ్చేది నాలుగే. అందుకే చదువు మొదటి ఏడాదే మొదలుపెట్టాలి. సర్వీసులో నేర్చుకున్న పనికి సగం క్రెడిట్లు ఇచ్చే డిగ్రీ కోర్సులను ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం అగ్నివీర్ల కోసమే పెట్టింది. శిక్షణ ముగిసి, ఓడ మీద కాస్త కుదురుకోగానే అందులో పేరు నమోదు చేయించుకోమనండి. చేసిన ప్రతి కోర్సు సర్టిఫికెట్, నడిపిన ప్రతి యంత్రం పేరు ఒక నోట్‌బుక్కులో తేదీతో రాసుకోమనండి. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో, కోస్ట్ గార్డులో, రక్షణ శాఖ పౌర ఉద్యోగాల్లో అగ్నివీర్లకు 2022లో 10 శాతం రిజర్వేషన్ ప్రకటించారు. కానీ అక్కడ కూడా పరీక్ష రాయాలి, పోటీ ఉంటుంది.

ఇక ఇంటి సంగతి. మీ ఉత్తరంలో ఇది లేదు కానీ చెప్పకుండా ఉండలేను. విశాఖలో క్వార్టర్స్ ఉంటే మనిషి ఇంట్లో ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. తుఫాను వస్తోందంటే యుద్ధనౌకలు రేవు వదిలి సముద్రంలోకి వెళ్లిపోతాయి. జెట్టీకి కట్టి ఉంచితే అలల తాకిడికి ఓడ దెబ్బతింటుంది, లోతు నీటిలో అయితే తుఫాను దారి నుంచి తప్పుకోవచ్చు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నేను సముద్రం మీద ఉన్నాను. ఇక్కడ కిటికీ అద్దాలు పగిలి ఇంట్లోకి నీళ్లు కొడుతుంటే, నా భార్య ఆరేళ్ల పాపను ఎత్తుకుని స్నానాల గదిలో తలుపు వేసుకుని కూర్చుంది. ఫోన్లు పనిచేయలేదు. వాళ్లు క్షేమంగా ఉన్నారన్న కబురు నాకు మూడో రోజున అందింది. దేశానికి నేను చేసిన సేవలో ఆ రోజు ఆమె వంతు. దానికి పతకాలు లేవు. ఉద్యోగం వదిలి వచ్చాక కూడా ఆమె నడుపుకుంటున్న ఇంట్లో నా చోటు ఏదో నాకు తెలియడానికి ఏడాది పట్టింది. పాప టీచరు పేరు కూడా ఆమెనే అడగాల్సి వచ్చింది.

మీ అబ్బాయికి ఇంకా భార్యాపిల్లల బాధ్యత లేదు. నాలుగేళ్ల పద్ధతిలో నాకు మేలుగా కనిపించేది ఇదే. 22, 23 ఏళ్లకు చేతిలో డబ్బు, వెనుక క్రమశిక్షణ, ముందు మొత్తం జీవితం ఉంటాయి. మీకు, వాళ్ల నాన్నకు మాత్రం అతను లేని పండుగలు ఉంటాయి. జబ్బు చేసినప్పుడు వెంటనే రాలేకపోవచ్చు. ఇది ముగ్గురూ కలిసి మాట్లాడుకోవాల్సిన విషయం.

మరో మాట. ఎంపీసీలో మంచి మార్కులు వచ్చి ఉంటే అధికారి దారి కూడా చూడండి. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష పెడుతుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి 70 శాతం ఉండి, జేఈఈ మెయిన్ ర్యాంకు కూడా ఉంటే కేరళలోని ఎళిమల నేవల్ అకాడమీలో బీటెక్ ప్రవేశానికి దరఖాస్తు చేయవచ్చు. అగ్నివీర్‌కు వయసు 21 వరకు ఉంది కాబట్టి ఒక ఏడాది ఇటు ప్రయత్నించినా నష్టం లేదు. యంత్రాలంటే ఇష్టమే కానీ ఊరు వదలాలని లేదంటే, ఐటీఐ చేసి ఇక్కడి నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలుకు వెళ్లవచ్చు.

ఏ దారైనా, ముందు కంటి డాక్టరుకు, చెవి డాక్టరుకు చూపించండి. నెలల తరబడి పరుగు సాధన చేసి, రంగుల గుర్తింపులో లోపం ఉందని వెనక్కి వచ్చిన పిల్లలు నాకు తెలుసు.

ఈ ఆదివారం అతన్ని బీచ్ రోడ్డులోని కుర్సురా మ్యూజియానికి తీసుకెళ్లండి. చిన్నప్పుడు చూసే ఉంటాడు, ఇప్పుడు మళ్లీ చూడాలి. 1969 నుంచి 2001 వరకు నేవీలో పనిచేసిన జలాంతర్గామి అది. లోపల పడకల దగ్గర కాసేపు నిలబడమనండి. మనుషులు ఎంత ఇరుకులో నెలలు గడిపారో కళ్లతో చూడనివ్వండి. ఇంటికి వచ్చాక, నాలుగేళ్ల తర్వాత ఏ పని చేయాలనుకుంటున్నాడో ఒక కాగితం మీద సొంతంగా రాయమనండి, మీరు చెప్పి రాయించకండి. ఆ కాగితం నాకు పంపించండి. ఏ బ్రాంచి కోరుకుంటే అతనికి ఉపయోగమో అది చదివి చెబుతాను.